చిల్లకల్లు ఆరోగ్యం ఏ రిజిస్టరులో దొరుకుతుంది?

హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద తిరిగేవాళ్లకు చిల్లకల్లు అంటే టోల్‌గేటు. అక్కడ రోజుకు ఎన్ని బండ్లు దాటాయో, వాటిలో లారీలెన్నో కార్లెన్నో పైసలతో సహా లెక్క ఉంటుంది. ఆ ఊళ్లో నిరుడు ఎంతమంది చనిపోయారు, దేనివల్ల చనిపోయారు, బీపీ మాత్ర వేసుకోవాల్సినవాళ్లు ఎంతమంది అని అడిగితే మాత్రం జవాబు ఒకచోట దొరకదు. రాసుకున్న కాగితాలకేమీ కొదవ లేదు. అవి అరడజను శాఖల్లో, రెండు రాష్ట్రాల్లో చెదిరి ఉన్నాయి. ఒక ఊరి ఆరోగ్య అవసరాలను అంచనా కట్టాలంటే, అంకె ఎంత కచ్చితమైనదో చూసే ముందు అది ఎక్కడ నమోదైందో, ఎవరి పని కోసం నమోదైందో తేల్చుకోవాలన్నది ఈ వ్యాసం వాదన.

ముందు జనాభా సంగతి. మనకున్న చివరి జనగణన 2011 నాటిది. 2021లో జరగాల్సింది జరగలేదు. తర్వాతి దానికి 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా 2025 జూన్‌లో ప్రకటించారు. ఈలోగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. అందువల్ల 2019 నివేదికలోని ‘కృష్ణా జిల్లా’ వేరు, 2023 నివేదికలోని ‘కృష్ణా జిల్లా’ వేరు. మొదటిదానిలో దివిసీమ ఉప్పునీళ్లు, జగ్గయ్యపేట సున్నపురాయి నేలలు ఒకే సగటులో కలిసిపోయాయి. రెండోదానిలో జగ్గయ్యపేట అసలు లేదు. పోనీ ఎన్టీఆర్ జిల్లా సగటు తీసుకుందామంటే, దాన్ని విజయవాడ నగరం తనవైపు లాగేస్తుంది. ఈ రెండు నివేదికలను పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అని రాసే పరిశోధకులు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేకు గౌరవం ఎక్కువ. దానికి అర్హత కూడా ఉంది. అయిదో విడతలో, 2019 జులై–నవంబరు మధ్య, ఆంధ్రప్రదేశ్‌లో 11,346 ఇళ్లను సర్వే చేశారు. 13 జిల్లాలకు పంచితే సగటున జిల్లాకు 900 ఇళ్లు కూడా రావు. అప్పటి కృష్ణా జిల్లా జనాభా 2011 లెక్క ప్రకారమే 45 లక్షలు. ఎంపికైన ఒక్కో క్లస్టరులో 22 ఇళ్ల చొప్పున తీసుకున్నారు కాబట్టి, చిల్లకల్లు ఆ జాబితాలో లేకపోయే అవకాశమే ఎక్కువ. జిల్లాకు పనికొచ్చే అంకెను ఊరికి అంటగట్టడం సర్వే తప్పు కాదు, వాడినవాళ్ల తప్పు.

అదే సర్వేలో మరో మెలిక ఉంది. రాష్ట్రంలో 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత నాలుగో విడతలో 60 శాతం, అయిదో విడతలో 58.8 శాతం. ఇది వేలి కొసన సూది గుచ్చి తీసిన చుక్కతో చేసిన పరీక్ష. నరం నుంచి తీసిన రక్తంతో పరీక్షిస్తే ఫలితం వేరుగా ఉంటుందని చాలాకాలంగా చర్చ నడుస్తోంది. ఆరో విడతలో ఆ పరీక్షనే తీసేసి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చేపట్టిన వేరే సర్వేకు అప్పగించారు. రేపు అందులో అంకె తగ్గితే, రక్తం పెరిగినట్టా, సూది మారినట్టా?

ఊరికి దగ్గరైన లెక్క ఏఎన్‌ఎం రిజిస్టరు. గర్భిణి పేరు, చివరి నెలసరి తేదీ, టీడీ ఇంజెక్షను, హిమోగ్లోబిన్, కాన్పు అయిన ఆసుపత్రి, బిడ్డ బరువు అన్నీ అందులో ఒకే వరుసలో కనబడతాయి. అయితే తెలుగింట తొలి కాన్పు పుట్టింటి బాధ్యత. చిల్లకల్లు కోడలు ఏడో నెలలో పుట్టింటికి వెళ్తుంది, చిల్లకల్లు ఆడపడుచు అత్తవారి ఊరి నుంచి వస్తుంది. బాలింత మళ్లీ కదిలేది బిడ్డకు మూడు నెలలో, అయిదు నెలలో నిండాకే. ఈ మధ్యలో వేయాల్సిన టీకాలు ఏ ఊరి ఖాతాలో పడ్డాయి? పుట్టిల్లు కోదాడ వైపు అయితే రాష్ట్రమే మారిపోతుంది. అందుకే టీకాల శాతం చూసేటప్పుడు, భాగహారంలో కింద వేసిన అంకెలో ఊరి కోడళ్లను లెక్కించారా, ఆ నెల ఊళ్లో ఉన్న బాలింతలనా అని అడగాలి. 104 శాతం టీకాలు చూపించే నెలవారీ నివేదికల వెనక చాలాసార్లు ఉండేది అబద్ధం కాదు, ఈ రాకపోకలే.

చావుల లెక్కలో చిక్కు ఇంకా పెద్దది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. గుండెపోటుతో విజయవాడ ఆసుపత్రిలో పోయిన చిల్లకల్లు రైతు అక్కడి నగరపాలక సంస్థ పుస్తకంలో చేరతాడు. ఖమ్మంలో పోతే తెలంగాణ లెక్కలో కలుస్తాడు. దీనికి పూర్తిగా విరుద్ధమైన సంగతి ఒకటుంది: హైవే మీద ప్రమాదంలో అక్కడికక్కడే చనిపోయిన హైదరాబాద్ ప్రయాణికుడు ఈ ఊరి హద్దులో నమోదవుతాడు. పంచాయతీ పుస్తకం ఒక్కటే చూసి ఊరి ఆరోగ్యం రాస్తే, గుండెజబ్బులు లేని ఊళ్లో రోడ్డు ప్రమాదాలు మాత్రం ప్రళయంలా ఉన్నాయని తేలుతుంది. మరణ సమాచారం రాసే ఫారం–2లో గణాంకాల భాగం ఒకటి ఉంది. చనిపోయినవారు మామూలుగా నివసించే ఊరు పేరు అందులోనే ఉంటుంది. ఆ గడిని బట్టి వేరుచేస్తే ఊరి చావులు ఊరికి తిరిగి వస్తాయి. చిక్కల్లా ఆ భాగం పైఆఫీసుకు పోవడమే తప్ప కిందికి రాకపోవడం.

కారణం సంగతి సరేసరి. దేశంలో నమోదైన మరణాల్లో 2020లో డాక్టరు ధ్రువీకరించిన కారణం ఉన్నవి 22.5 శాతమే. ఇంట్లో పోయిన ముసలాయన కారణం ‘వృద్ధాప్యం’. దీనికి మందు తెలుగునేల మీదే వాడి చూశారు. గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, 1,80,162 మంది జనాభాలో, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య పరిశోధన బృందం శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలను చావు జరిగిన ఇంటికి పంపింది. ఆఖరి రోజుల్లో ఆయాసం ఉందా, ఛాతీనొప్పి వచ్చిందా, ఎన్నాళ్లు మంచాన పడ్డారు అని ఇంటివాళ్లను అడిగి రాయించి, ఆ కాగితం చూసి డాక్టర్లు కారణం నిర్ణయించారు. 2006లో ప్రచురించిన ఫలితం ప్రకారం ఏడాదిలో సంభవించిన 1,354 మరణాల్లో గుండె, రక్తనాళాల జబ్బుల వాటా 32 శాతం. పల్లెటూళ్లలో అంటురోగాలే ప్రధానమనుకునే రోజులవి.

జబ్బుల లెక్కలో ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, కంప్యూటరులో చక్కగా దొరుకుతుంది. అది 2007లో పుట్టింది బిల్లు చెల్లించడానికి. స్టెంటు వేసినవారు అందులో ఉంటారు, ఇరవై ఏళ్లు బీపీ పట్టించుకోక స్టెంటు దాకా వచ్చినవారి ఆ ఇరవై ఏళ్లు ఉండవు. డబ్బు కట్టి ప్రైవేటులో చూపించుకున్నవారూ ఉండరు. అంటువ్యాధుల పోర్టల్‌కు 2021 నుంచి రోజువారీ సమాచారం వెళ్తోంది. కానీ 2024 జూన్‌లో జగ్గయ్యపేట ప్రాంతంలో విరేచనాలు ప్రబలినప్పుడు మొదట జనం పరుగెత్తింది దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గరికే అయితే, ఆ సెలైన్ సీసాలు ఏ పోర్టల్‌లోనూ కనబడవు.

మెట్ట మండలాల్లో కిడ్నీ వ్యాధి పేరెత్తగానే ఎ.కొండూరు తండాలు గుర్తొస్తాయి. ఇలాంటిచోట మొదట వచ్చేవి వైద్య శిబిరాల లెక్కలు. శిబిరానికి వచ్చేది కాళ్లు వాచినవాడు, పక్కింట్లో డయాలసిస్ చూసి భయపడ్డవాడు. వందమందిలో ముప్పైమందికి క్రియాటినిన్ ఎక్కువుందంటే అది వచ్చినవాళ్లలో ముప్పై, తండాలో కాదు. పైగా ఒక్కసారి ఎక్కువ వస్తే దీర్ఘకాలిక వ్యాధి అనరు, కనీసం మూడు నెలలు నిలిచి ఉండాలి. ఎండలో మిరపకోత కోసి నీళ్లు తాగకుండా నేరుగా శిబిరానికి వచ్చినవారికి తాత్కాలికంగా పెరగవచ్చు. ఇదే వ్యాధికి పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అందుకే పరిశోధకులు జబ్బుతో సంబంధం లేకుండా ఊళ్లను, మనుషులను నమూనాగా ఎంచి పరీక్షించారు. పెద్దల్లో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి వ్యాధి ఉందన్న అంచనా అలా నిలబడింది. శిబిరం చూపే అంకె తీసిపారేయాల్సింది కాదు. ఎక్కడ వెతకాలో అది చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు.

ఇన్నీ సరిచేసుకున్నా చిన్న ఊరికి చిన్న అంకెల బాధ తప్పదు. ఏడాదికి 150 కాన్పులు జరిగే చోట ముగ్గురు పసిబిడ్డలు పోతే శిశుమరణాల రేటు వెయ్యికి 20, నలుగురు పోతే 27. ఒక్క బిడ్డతో ఆ ఊరి రేటు ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది. అయిదేళ్ల లెక్క కలిపి చూడటం ఒక దారి. రేటు మానేసి, పోయిన ప్రతి బిడ్డ ఇంటికీ వెళ్లి ఏ రాత్రి, ఏ వాహనం కోసం, ఎంతసేపు ఎదురుచూశారో అడగడం ఇంకో దారి. చిల్లకల్లు లాంటి ఊరికి రెండోదే ఎక్కువ అక్కరకొస్తుంది. అందుకు కావాల్సినది సచివాలయ ఏఎన్‌ఎంకు, ఆశా కార్యకర్తకు ఏడాదికి ఒక వారం తీరిక, వాళ్లు రాసింది చదివే ఒక డాక్టరు, ఫారం–2లోని ఆ ఊరి పేరు గడిని మండలాల వారీగా వేరుచేసి జగ్గయ్యపేటకు పంపే ఒక గుమస్తా.