అమీర్‌పేట మందుకు ఆంగ్‌స్ట్రామ్ కొలబద్ద

ప్రోటీన్ల త్రిమితీయ ఆకృతులను భద్రపరిచే ప్రోటీన్ డేటా బ్యాంక్ 1971లో అమెరికాలో మొదలైంది. అందులో ‘1ఎన్‌వైఎక్స్’ అనే నమోదు తెరిస్తే, ఒక ప్రోటీన్ గుంటలో ఒదిగి కూర్చున్న చిన్న మందు అణువు కనిపిస్తుంది. దాని పొట్టిపేరు డీఆర్‌ఎఫ్. డాక్టర్ రెడ్డీస్ రీసెర్చ్ ఫౌండేషన్ తన అణువులకు వేసుకున్న సంకేతం అది. ఈ ఫౌండేషన్ మాతృసంస్థ చిరునామా ఏళ్ల తరబడి హైదరాబాద్‌లోని 7-1-27, అమీర్‌పేట.

తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టిన కల్లం అంజిరెడ్డి ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఇతరులు కనిపెట్టిన మందుల్ని చవకగా తయారు చేయడంతో ఆయనకు తృప్తి కలగలేదు. కొత్త అణువుల వేటకు మియాపూర్‌లో పరిశోధనశాల వెలిసింది. అక్కడ పుట్టిన బాలగ్లిటాజోన్ 1997లో, రాగాగ్లిటజార్ 1998లో డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ చేతికి వెళ్లాయి. మన కంపెనీలు విదేశీ మందులను అనుకరించడమే అలవాటైన ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. ఆ నమోదులో కనిపించే డీఆర్‌ఎఫ్, అంటే డీఆర్‌ఎఫ్ 2725, ఈ రాగాగ్లిటజారే.

ఒంట్లో చక్కెర, కొవ్వుల లెక్కలు చూసే పీపార్ అనే ప్రోటీన్లను మేల్కొలపడం దీని పని. అసలు అణువు ప్రోటీన్‌ను ఎక్కడ పట్టుకుంటుంది? సాఫ్ట్‌వేర్‌లో అణువు ఆమ్లపు కొసలోని ఆక్సిజన్‌పై ఒక క్లిక్, ప్రోటీన్‌లో 473వ స్థానంలోని టైరోసిన్ ఆక్సిజన్‌పై ఇంకో క్లిక్. రెంటి మధ్య చుక్కల గీత, పక్కన ఒక అంకె. మూడు ఆంగ్‌స్ట్రామ్‌ల చుట్టుపక్కల ఉంటే హైడ్రోజన్ బంధం ఉందని నమ్మవచ్చు. నాలుగు దాటితే అనుమానమే. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు.

ఈ క్లిక్కుకు ముందు చాలా చాకిరీ నడిచింది. కేంబ్రిడ్జిలో జాన్ కెండ్రూ బృందం మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ నమూనాను ఆంగ్‌స్ట్రామ్‌కు 5 సెంటీమీటర్ల చొప్పున, అంటే అసలుకు 50 కోట్ల రెట్లు పెంచి, లోహపు కడ్డీలతో కట్టింది. గదంతా కడ్డీలే! 1993లో రోజర్ సేల్ రాస్‌మాల్ సాఫ్ట్‌వేర్ విడుదల చేశాక అణువు మామూలు కంప్యూటర్ తెరమీద తిరగసాగింది. 2000లో వారెన్ డిలానో పైమాల్ తెచ్చారు.

అంకె ఎంత కచ్చితంగా కనిపించినా, దాని వెనకున్న ఎక్స్‌రే బొమ్మ నాణ్యతను మించి నమ్మకూడదు. ప్రోటీన్ స్ఫటికాల్లో హైడ్రోజన్ సాధారణంగా కనిపించనే కనిపించదు. చిన్న అణువుల్లోనూ ఎక్స్‌రే దాన్ని కార్బన్‌కు ఉండాల్సినదానికన్నా దగ్గరగా చూపిస్తుంది. న్యూట్రాన్లతో కొలిస్తే 1.08 ఆంగ్‌స్ట్రామ్‌లు ఉండే బంధం, ఎక్స్‌రేకు సుమారు 0.95గా తోస్తుంది.

ఈ దూరాల మీద పెద్ద తగాదాయే జరిగింది, అందులో హైదరాబాద్ వాటా గట్టిది. కార్బన్‌కు అంటుకున్న హైడ్రోజన్ కూడా ఆక్సిజన్‌తో బంధం కడుతుందని 1962లో స్ఫటిక శాస్త్రవేత్త జూన్ సూటర్ అంటే, 1968లో జెర్రీ డోనహ్యూ కొట్టిపారేశారు. 1982లో రాబిన్ టేలర్, ఓల్గా కెన్నార్డ్ న్యూట్రాన్ కొలతలు ముందుపెట్టి సూటర్ మాటే నిజమన్నారు. 1979 నుంచి 2009 దాకా హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గౌతమ్ దేశిరాజు ఇంకో అడుగు వేశారు. పరమాణు వ్యాసార్ధాల మొత్తం దాటితే బంధం లేనట్టే అనే గీత తప్పని, బలహీన బంధాలు ఆ గీత అవతలా పనిచేస్తాయని వాదించారు. ఆయన కూడా పాలుపంచుకున్న అంతర్జాతీయ సంఘం 2011లో ఇచ్చిన హైడ్రోజన్ బంధ నిర్వచనంలో దూరానికి హద్దు అంకె లేదు. సూటర్‌కు న్యాయం ఆలస్యంగానే దక్కింది.

రాగాగ్లిటజార్‌కు అదీ దక్కలేదు. ఎలుకల మూత్రాశయంలో కణుతులు కనబడడంతో 2002 జులైలో మనుషులపై పరీక్షలు ఆగిపోయాయి. పీపార్ గుంటలో అది కూర్చున్న తీరును నోవో శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించారు. కొలత అచ్చయ్యేసరికే మందు పని అయిపోయింది. గుంటలో ఎంత బాగా ఇమిడినా, మూత్రాశయంలో ఏం చేస్తుందో ఏ చుక్కల గీతా చెప్పదు. ఆ గుంట వరకు చూస్తే మాత్రం మియాపూర్ రసాయన శాస్త్రవేత్తల పనికి వంక పెట్టలేం.

ఆ ‘1ఎన్‌వైఎక్స్’ నమోదు ఇప్పటికీ అందరికీ ఉచితమే. కెమిస్ట్రీ చదివే పిల్లలు పాఠ్యపుస్తకంలోని పాత ఉదాహరణలతో ఆగకుండా, ఒకసారి డీఆర్‌ఎఫ్‌ను తెరచి నాలుగు గీతలూ, 289 సెరీన్‌కు, 323, 449 హిస్టిడీన్లకు, 473 టైరోసిన్‌కు, తామే గీసి చూడాలి.