ఒక చిన్న గడి చరిత్ర

2001లో అమెరికాలో ఉద్యోగంలో చేరిన మొదటిరోజున నా చేతికిచ్చిన కాగితాల కట్టలో డబ్ల్యూ-4 అనే పత్రం ఒకటి ఉంది. అందులో ఒక చిన్న గడి. ఎన్ని 'అలవెన్సులు' కోరుకుంటున్నావని ప్రశ్న. అక్కడ వేసే అంకె పెరిగినకొద్దీ జీతంలోంచి ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను తగ్గుతుందట. నాకు తలా తోకా అర్థం కాలేదు. నాకంటే మూడేళ్ళు ముందు చేరిన తెలుగు మిత్రుడొకాయన భుజం మీదుగా తొంగిచూసి, "సున్నా వేసెయ్యండి, ఏప్రిల్లో హాయిగా ఉంటుంది" అన్నాడు. వేశాను.

మరుసటి వసంతంలో పెద్ద మొత్తమే రిఫండుగా వచ్చింది. ఆ సంబరంలో ఇంటికి ఫోను చేశాను. నాన్నగారు అంతా విని, "అంటే నీ డబ్బే నీకు తిరిగి ఇచ్చారన్నమాట. వడ్డీ ఏమైనా కలిపారా?" అని అడిగారు. లేదన్నాను. "మరి సంబరం దేనికిరా?" అన్నారు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. దానికోసం వెతుకుతూ అప్పుడొక పుస్తకం, అప్పుడొక పుస్తకం చదువుతూ పోతే ఆ చిన్న గడి వెనుక ఒక యుద్ధమే కనిపించింది.

నిజానికి ఒకటి కాదు, రెండు యుద్ధాలు. అమెరికా అంతర్యుద్ధకాలంలో, 1862 నాటి చట్టం ఏడాదికి 600 డాలర్లు దాటిన ఆదాయంపై 3 శాతం పన్ను వేసింది. ప్రభుత్వోద్యోగుల జీతాలలో ఆ పన్నును ముందే కోసుకుని మిగిలినది ఇచ్చేవారు. యుద్ధం ముగిసింది, 1872లో ఆ పన్నూ పోయింది. 1913లో పదహారవ రాజ్యాంగ సవరణ ఆమోదం పొందాక ఆదాయపు పన్ను మళ్ళీ వచ్చింది, దానితోపాటు ఈ కోత కూడా. అయితే ఇచ్చేవారి మీద ఇదొక భారమని ఫిర్యాదులు వెల్లువెత్తడంతో 1917లో కోతను ఎత్తివేశారు. ఎవరికెంత చెల్లించారో సర్కారుకు తెలియజేస్తే చాలునన్నారు.

అక్కడినుండి పాతికేళ్ళపాటు పద్ధతి ఇది: నిరుడు సంపాదించినదానికి ఈ ఏడాది మార్చిలో లెక్క రాసి, పన్ను ఒకేసారిగానో, నాలుగు వాయిదాలలోనో ఎవరికి వారే కట్టాలి. దీనివల్ల పెద్ద ఇబ్బంది కలగలేదు. కట్టేవారే తక్కువ కనుక. 1939లో ఆదాయపు పన్ను తగిలినవారు సుమారు 40 లక్షలమంది మాత్రమే. సామాన్య కార్మికుడికి జీతంలో కోత అన్నది తెలిసింది 1937లో. అదీ సామాజిక భద్రత పథకం కింద నూటికి ఒక డాలరు.

రెండవ ప్రపంచయుద్ధం ఈ లెక్కనంతా తారుమారు చేసింది. 1942 చట్టం మినహాయింపు పరిమితులను బాగా దించి, కోట్లాదిమందిని కొత్తగా పన్ను పరిధిలోకి తెచ్చింది. యుద్ధం ముగిసే 1945 నాటికి వారి సంఖ్య నాలుగు కోట్లు దాటింది. జన్మలో ఎన్నడూ పన్ను పత్రం ముఖం చూడని ఫ్యాక్టరీ కార్మికుడు మార్చి వచ్చేసరికి వందల డాలర్లు ఎక్కడినుండి తెస్తాడు? ట్రెజరీ శాఖ డిస్నీ సంస్థ చేత డోనాల్డ్ డక్ బొమ్మల చిత్రాలు తీయించి పన్ను కట్టమని బతిమాలింది. బతిమాలడం ఒకటే సరిపోదని దానికీ తెలుసు.

ఇక్కడ బియర్డ్‌స్లీ రమ్ల్ అనే వ్యక్తి ప్రవేశిస్తాడు. మేసీస్ దుకాణాల సంస్థకు కోశాధికారి, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు పాలకమండలికి అధ్యక్షుడు. ఆయన గమనించినది చాలా సులువైన విషయం. నిరుటి పన్ను ఈ ఏడు కట్టే పద్ధతిలో ప్రతి మనిషీ ఎల్లప్పుడూ సర్కారుకు ఒక సంవత్సరం బాకీపడే ఉంటాడు. ఉద్యోగం పోయినా, సైన్యంలోకి పిలుపు వచ్చినా ఆ బాకీ వదలదు. కాబట్టి సంపాదించినప్పుడే పన్ను తీసుకోండి అన్నాడు. అయితే కొత్త పద్ధతి మొదలయ్యే ఏడాది రెండేళ్ళ పన్ను మీద పడుతుంది కదా? అందుకని ఒక ఏడాది పన్నును మాఫీ చేయండి. గడియారం ముల్లును ముందుకు తిప్పడంలాంటిదే ఇది, ఖజానాకు వచ్చే రాబడి ఆగదు అని వాదించాడు.

వాదం ముచ్చటగానే ఉంది. కాని మాఫీలో లాభం ఎవరికి? ఎక్కువ పన్ను కట్టవలసినవాడికే ఎక్కువ మాఫీ. యుద్ధంలో పిల్లలు చనిపోతూంటే ధనికులకు ఏడాది పన్ను వదిలేయడమా అని రూజ్‌వెల్ట్ ప్రభుత్వం గట్టిగా అడ్డుపడింది. నెలల తరబడి నలిగిన తరువాత రాజీ కుదిరింది. 1943 జూన్ 9న రూజ్‌వెల్ట్ సంతకం చేసిన చట్టం 1942, 1943 సంవత్సరాల పన్నులలో ఏది తక్కువో దానిలో 75 శాతాన్ని మాఫీ చేసింది. 50 డాలర్ల లోపువారికి పూర్తిగా. జూలై 1 నుండి మినహాయింపు పోను మిగిలిన జీతంలో 20 శాతం కోత మొదలైంది. ఎవరికెంత మినహాయింపో యజమానికి తెలియాలంటే ఉద్యోగి తన కుటుంబస్థితిని రాసి ఇవ్వాలి. అలా పుట్టింది మన డబ్ల్యూ-4.

ఆ రోజుల్లో ట్రెజరీలో ఈ పద్ధతికి రూపమిచ్చిన యువకులలో మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఒకడు. ప్రభుత్వం ఎంత చిన్నదైతే అంత మంచిదని తరువాత జీవితమంతా వాదించిన ఆర్థికవేత్త ఆయనే. నొప్పి తెలియకుండా పన్ను వసూలుచేసే యంత్రాన్ని నిర్మించడంలో తన చెయ్యీ ఉందని ముసలితనంలో నొచ్చుకున్నాడు. యుద్ధానికి అది అవసరమని మాత్రం కాదనలేదు. ఆయన భార్య రోజ్ ఈ విషయంలో భర్తను ఎన్నడూ క్షమించలేదట.

నొప్పి తెలియాలనే పట్టుబట్టిన మనిషి కూడా ఒకరున్నారు. కనెక్టికట్‌లో కేబుల్ పట్టుసాధనాలు తయారుచేసే వివియన్ కెలమ్స్ 1948లో తన కార్మికుల జీతాలలో కోత పెట్టనని ప్రకటించింది. వాళ్ళ పన్ను వాళ్ళు కట్టుకుంటారు, జీతం లేని వసూలుదారుగా నన్నెందుకు నియమించారని ఆమె ప్రశ్న. సర్కారు ఆమె సంస్థ బ్యాంకు ఖాతానుండి సొమ్ము లాక్కుంది, ఆమె కోర్టుకెక్కింది. చట్టం మారలేదు.

మారినదల్లా పత్రం. 1966లో అందరికీ ఒకటే రేటు పోయి, జీతాన్నిబట్టి పెరిగే రేట్లు వచ్చాయి. 1986 పన్ను సంస్కరణ తరువాత వచ్చిన నాలుగు పేజీల డబ్ల్యూ-4 జనాన్ని ఎంత హడలగొట్టిందంటే, 1987లో దానికొక సులభరూపాన్ని హడావుడిగా విడుదల చేయవలసి వచ్చింది. 1992 జనవరిలో అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్ మాంద్యానికి మందుగా కోత పట్టికలనే సవరించాడు. పన్నులో ఒక్క డాలరూ తగ్గలేదు. నెలనెలా చేతికి కొంచెం ఎక్కువ, వచ్చే ఏప్రిల్లో రిఫండు అంత తక్కువ, అంతే. షాపిరో, స్లెమ్రాడ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు జనాన్ని అడిగితే, ఆ అదనపు సొమ్మును ఖర్చుపెడతామన్నవారు 43 శాతం. తమ సొమ్మే కాస్త ముందుగా వస్తే దానిని రాబడిగా చూసినవారు అంతమంది! నేను రిఫండును చూసినట్టే.

2017 చట్టం వ్యక్తిగత మినహాయింపులను తీసివేయడంతో, 2020నుండి నా సున్నా కూర్చున్న ఆ గడి కూడా పోయింది. ఇప్పుడు ఆధారపడినవారు, ఇతర ఆదాయం, అదనంగా ఎంత కోయాలి అంటూ డాలర్లలోనే అడుగుతారు. మన విద్యార్థులకు ఇందులో ఒక విశేషముంది: 1989లో సంతకాలైన భారత-అమెరికా పన్నుల ఒప్పందం పుణ్యమా అని, ఇతర దేశాల విద్యార్థులలో చాలామందికి లేని స్టాండర్డ్ డిడక్షన్ భారతీయ విద్యార్థులకు ఉంది. వాళ్ళ జీతంలో కోత లెక్కలోనూ ఆ తేడా పాటిస్తారు.

కోత తగ్గించుకుంటే లాభమే కదా అంటారేమో. దానికీ హద్దుంది. ఏడాది చివర వెయ్యి డాలర్లు, ఆపైన బాకీ తేలి, కట్టినది ఆ ఏటి పన్నులో 90 శాతానికీ, నిరుటి మొత్తం పన్నుకూ (ఆదాయం బాగా ఎక్కువైతే దానికి 110 శాతానికీ) కూడా తక్కువైతే జరిమానా పడుతుంది. నాన్నగారి మాటతో రోషం వచ్చి ఆ మరుసటి ఏడు అంకెను మరీ పెంచి, ఆ రుచీ చూశాను. చేతికొచ్చిన సొమ్ము నెలనెలా కరిగిపోయింది. ఏప్రిల్లో చెక్కు రాయడానికి కూర్చున్నప్పుడు మాత్రం నేను కడుతున్న పన్నెంతో మొదటిసారిగా తెలిసింది. పంట అమ్మిన డబ్బు పంచె అంచున ముడివేసుకుని వెళ్ళి శిస్తు కట్టి, రసీదు జాగ్రత్తగా దూలం సందున దోపుకున్న తాతయ్య గుర్తొచ్చాడు. ఆయనకు తను కట్టేది ఎంతో అణాపైసలతో తెలుసు. నా జీతం చీటీలో ఆ అంకె నెలనెలా ఉన్నా నేను చూడలేదు.

అలాగని ఫ్రీడ్‌మన్ పక్షాన పూర్తిగా నిలబడలేను. తాతయ్యకు పంట పోయిన ఏడు శిస్తుకోసం అప్పు చేయవలసి వచ్చింది. నెల జీతం నెలకే చాలని కార్మికుడిని మార్చిలో ఒక్కసారిగా కట్టమనడం కన్నా రమ్ల్ చూపినదే దయగల దారి. పెద్ద మొత్తం కూడబెట్టుకోలేమని తెలిసి, కావాలనే ఎక్కువ కోయించుకుని రిఫండుకోసం ఎదురుచూసే కుటుంబాలనూ చూశాను. వడ్డీ రాదని వాళ్ళకు తెలియక కాదు.

మొన్న మా అమ్మాయి మొదటి ఉద్యోగానికి డబ్ల్యూ-4 ముందేసుకుని, "నాన్నా, ఇక్కడ ఏం రాయాలి?" అని అడిగింది. సున్నా వెయ్యమనే మాట నోటిదాకా వచ్చింది. వేయడానికి ఆ గడి లేదు. తెల్ల కాగితం తెచ్చి, ముందు ఈ ఏడు నువ్వు కట్టవలసిన మొత్తం పన్నెంతో లెక్క కట్టు, తరువాత నీ ఇష్టం అన్నాను. ముప్పావు గంట పట్టింది. చివరి అంకెను చూసి, "ఇంతా?" అంది.

ఆ మాట వినడానికి నాన్నగారు లేరు.