మారిషసు తపాలా బిళ్లలు

ఒక పెన్నీ వెలగల కాగితపు తునుక లక్షల డాలర్లకు అమ్ముడుపోవుట వినినవారికి వింతగ తోచును. కొందరు దానిని ధనికుల వెఱ్ఱి యని త్రోసిపుచ్చుదురు. కాని ఆ వెల యెట్లు కలిగినదో విచారించినచో, మన యిండ్లలోని పాత కాగితములనుగూర్చి మనము నేర్చికొనవలసిన దొకటి కనబడును. ఇందుకు మారిషసు బిళ్లల చరిత్రము మంచి నిదర్శనము. ఆ ద్వీపము తెలుగువారికి పరాయిది కాదు.

1810లో ఆంగ్లేయులు ఆ ద్వీపమును ఫ్రెంచివారినుండి గెలుచుకొనిరి. 1835లో అచట బానిసత్వము రద్దయ్యెను. చెఱకు తోటలకు పనివారు కావలసివచ్చుటచే 1834 నుండియే మనదేశమునుండి ఒడంబడిక కూలీలను ఓడలలో తరలింపసాగిరి. గోదావరీ ముఖమునందలి కోరంగి రేవు పేరే అచటి తెలుగువారికి కోరంగీలని పేరయినది.

ఇట్లు కూలీల ఓడలు వచ్చుచున్న కాలముననే, 1847 సెప్టెంబరు 21వ తేదీన, ఆ ద్వీపమున తొలి తపాలా బిళ్లలు వెలువడెను. ఒక పెన్నీ బిళ్ల నారింజ వన్నె కలిసిన యెఱుపు. రెండు పెన్నీల బిళ్ల ముదురు నీలము. జోసెఫ్ బర్నార్డు అను చెక్కడపు పనివాడు రాగిరేకుపై విక్టోరియా రాణి ముఖమును చెక్కి, ఒక్కొక్కటి 500 చొప్పున అచ్చొత్తెను. గవర్నరు భార్యయగు గోము దొరసాని తన నృత్యోత్సవపు ఆహ్వానములకు వీనిలో కొన్నింటిని వాడెను. మఱుసటి యేటి బిళ్లలపై "పోస్ట్ పెయిడ్" అని యుండగా, వీనిపై "పోస్టాఫీసు" అని యుండుటచే, బర్నార్డు పొరబాటున అట్లు చెక్కెనని యొక కథ పుట్టినది. అది కట్టుకథ యని పరిశోధకులు తేల్చిరి. ఈ బిళ్లల విలువకు కారణము పొరబాటు కాదు, ఉత్తరములు నశించుటయే. వేయింటిలో నేటికి నిలిచినట్లు తెలిసినవి 27 మాత్రమే.

నిలిచిన వెట్లు నిలిచినవి? 1864 ప్రాంతమున ఫ్రాన్సులోని బోర్డో నగరమున ఒక వర్తకుని భార్య తన భర్త పాత ఉత్తరములను వెదకి కొన్నింటిని బయటికి తీసెను. ఆ వర్తకుడు ఉత్తరములను పాఱవేయలేదు గనుక అవి దక్కినవి. 1850లో మారిషసు నుండి బొంబాయిలోని బైబిలు సంఘమునకు వచ్చిన యుత్తరము, రెండు ఒక పెన్నీ బిళ్లలతో, 1897లో మనదేశపు బజారులో దొరకెను. 1968లో దాని వేలము పాట 3,80,000 డాలర్లు! 1904లో ఆంగ్ల యువరాజు, తరువాతి అయిదవ జార్జి చక్రవర్తి, ఒక రెండు పెన్నీల బిళ్లను 1,450 పౌనులకు కొనెను. 1993లో మారిషసు బ్యాంకులు మొదలగు సంస్థలు కూడి రెండు బిళ్లలను సుమారు 20 లక్షల డాలర్లకు కొని స్వదేశమునకు తెచ్చుకొనెను. అవి పోర్టులూయీ నగరమున 2001లో తెఱచిన బ్లూ పెన్నీ ప్రదర్శనశాలలో నున్నవి. వెలుతురు తగిలిన వన్నె తగ్గునను భయముచే వానిపై దీపము కొద్ది నిమిషములు మాత్రమే వెలిగింతురు.

ఇంత యాదరము పొందిన కాగితముల ప్రక్కన ఆ కాలపు కూలీలు వదలిపోయిన కాగితములెట్టివి? మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో వారి పట్టీలు భద్రముగ నున్నవి. వానిలో పేరు, సంఖ్య, వయస్సు, కులము, గ్రామము కలవు. 1860ల తరువాతి వారికి ఛాయాచిత్రములును గలవు. అవి యన్నియు దొరతనమువారు వ్రాసికొన్న వ్రాతలే. ఓడ దిగిననాడు ఆ మనుష్యుడేమి తలచెనో, ఇంటివారికేమి చెప్పగోరెనో పట్టీ చెప్పదు. ఆ వచ్చినవారిలో వ్రాత రానివారే యధికులు. పెన్నీ బిళ్ల వారిచెంతనే అమ్ముడుపోవుచుండెను. దాని నంటించుటకు ఉత్తరము లేకపోయెను. చదువులేమి కూలిడబ్బుతోపాటు మనుష్యుని మాటను గూడ హరించునని ఇందువలన తెలియుచున్నది.

మనదేశమున 1854 అక్టోబరు 1వ తేదీనుండి పావు తులము ఉత్తరము దూరముతో పనిలేక అరయణాకే పోసాగెను. 1879లో కాలణా కార్డు వచ్చెను. అప్పటినుండి తపాలా సామాన్యుని గుమ్మము తట్టినది. మా కార్వేటినగరమువంటి జమీందారీ పట్టణములందు, పల్లెలందు, ఇనుపతీగకు గ్రుచ్చిన యుత్తరముల కట్టలు దూలములకు వ్రేలాడుచుండెడివి. వీనిలో నేటికి మిగిలినవెన్ని? అశుభవార్త తెచ్చినదానిని చదివినవెంటనే చింపివేయుట యాచారము. సున్నము వేయించునపుడు తక్కినవి పొయ్యి పాలగును. బాలురు బిళ్లను మాత్రము కత్తిరించుకొని ఉత్తరమును పాఱవేయుదురు.

బిళ్లను వేఱుచేసినచో తేదీముద్రయు, పంపినవాని ఊరును, చేరినవాని పేరును పోవును. బొంబాయి యుత్తరమునకు ఆ విలువ వచ్చినది బిళ్లలు దానిమీదనే నిలిచియుండుటవలన. కావున గృహిణులును, గృహస్థులును పాత ఉత్తరములను విప్పి, వ్రాసినవారెవరో పెద్దలనడిగి, ఒక కాగితముపై గుర్తించి, చెదలు పట్టని పెట్టెలో దాచవలెను. అశుభవార్తను దాచినంతమాత్రమున కీడు రాదు. మన యుత్తరములకు లక్షలు రాకపోవచ్చును. కాని మన తాతముత్తాతల మాటను వారి చేతివ్రాతలోనే వినగల భాగ్యము మన బిడ్డలకు దక్కును.