జెండాకెక్కిన పాము, గుట్టల్లో చచ్చిన పాము

1775 డిసెంబరులో, బ్రిటన్ మీద తిరుగుబాటు సాగుతుండగా, ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా జర్నల్ పత్రికలో మారుపేరుతో ఒక రచన వచ్చింది. రాసింది బెంజమిన్ ఫ్రాంక్లినే అని చాలామంది చరిత్రకారుల నమ్మకం. అమెరికాకు గుర్తుగా గిలక పామే తగినదని అందులో వాదన. అది తనంతట తాను మీదికి రాదు, కాటేసే ముందు హెచ్చరిస్తుంది, పోరు మొదలయ్యాక లొంగదు. ఆ తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన క్రిస్టఫర్ గాడ్స్‌డెన్ పసుపు జెండా మీద చుట్టచుట్టుకున్నదీ గిలక పామే.

ఫిలడెల్ఫియా చుట్టుపక్కల అడవుల్లోని గిలక పాము టింబర్ రాటిల్‌స్నేక్. లిన్నేయస్ 1758లో దీనికి క్రోటలస్ హారిడస్ అని శాస్త్రీయ నామం పెట్టాడు. హారిడస్ అంటే భయంకరం. నిజానికి దీని బతుకంతా ఓపికే. పడిపోయిన చెట్టు మొద్దు పక్కన ఎలుక వచ్చేదాకా కదలకుండా కాచుకుంటుంది. మన రక్తపింజరి కుటుంబానిదే. దానిలాగే గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. కాకపోతే ఆడపాము ఈడుకు రావడానికే ఏడెనిమిదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఆ తర్వాతా మూడు నాలుగేళ్లకోసారే కాన్పు.

ఉత్తరాది చలికి ఇవన్నీ ఎండ తగిలే రాతి గుట్టల సందుల్లోకి చేరి కలిసి శీతాకాలం గడుపుతాయి. ఏటా అదే గుట్ట. పుట్టిన పిల్లలు పెద్దపాముల వాసన పట్టుకుని మొదటిసారి అక్కడికి వెళ్తాయి. వీటిని బతికించిన ఈ అలవాటే మనుషుల చేతికి చిక్కించింది. ఒక్క గుట్ట ఆనవాలు తెలిస్తే చాలు, వసంతంలో ఎండకు బయటికొచ్చినప్పుడు గుంపు మొత్తాన్నీ చంపేయొచ్చు. చంపినవాడికి ప్రభుత్వమే డబ్బిచ్చింది. వెర్మాంట్ రాష్ట్రంలో ఆ బహుమానం 1971 దాకా నడిచింది. స్వేచ్ఛకు చిహ్నమని చాటుకున్న జీవి తలకు వెల కట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మెయిన్, రోడ్ ఐలాండ్ రాష్ట్రాల్లో ఇప్పుడీ పాము లేదు. కెనడాలో 1941 తర్వాత నిర్ధారణగా కనబడలేదు. న్యూ హాంప్‌షైర్‌లో మిగిలింది ఒకే ఒక్క గుంపు. దక్షిణాన అపలాచియన్ కొండల నుంచి టెక్సస్ తూర్పు అడవుల దాకా మాత్రం ఇంకా ఉంది. మసాచుసెట్స్ అధికారులు క్వాబిన్ జలాశయంలోని మౌంట్ జయాన్ దీవిలో కొన్నిటిని పెంచి వదలాలనుకున్నారు. పాములు ఈదుకుంటూ ఊళ్ల మీదికి వస్తాయని జనం భయపడ్డారు. 2017లో ఆ ఆలోచన మానుకున్నారు.