చదరపు మీటరు నాచు

కౌలెర్పా టాక్సిఫోలియా అనునది ఉష్ణమండల సముద్రాలలో పెరుగు ఆకుపచ్చని నాచు. దీని ఆకులు పక్షి ఈకలవలె ఉండును. ఇంత దేహమును ఒకే కణమని చెప్పిన ఆశ్చర్యము కలుగును. లోపల అడ్డుగోడలు లేవు. కేంద్రకములు మాత్రము అసంఖ్యాకములు. చూపునకు అందమైనది కావున జర్మనీలోని స్టుట్‌గార్ట్ జంతు ప్రదర్శనశాలవారు దీనిని చేపల తొట్టెలలో పెంచినారు. అక్కడినుండి ఇతర ప్రదర్శనశాలలకు చేరినది. ఆ తొట్టెలలోని రకము చలికి కూడ తట్టుకొనగలదు.

1984లో మొనాకో సముద్రశాస్త్ర ప్రదర్శనశాల క్రింద, మధ్యధరా సముద్రపు అడుగున ఈ నాచు కనబడినది. అప్పుడది ఆక్రమించినది సుమారు ఒక చదరపు మీటరు; ఒక్కపూటలో చేతితో పెరికివేయవచ్చును. ఎవరును పెరికివేయలేదు. 1989 నాటికది ఒక హెక్టారైనది. 1990లో 5 కిలోమీటర్ల దూరాన ఫ్రాన్సు తీరమున కనబడినది. నీస్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ మైనెజ్ ప్రమాదమును గురించి హెచ్చరించినాడు. కాని నాచు తొట్టెనుండి వచ్చినదా, సహజముగానే వచ్చినదా అను వాదములతో సంవత్సరములు గడచినవి. అది తొట్టెల రకమేనని 1998లో జన్యుపరీక్షలు తేల్చినవి.

వాదములు సాగుచుండగా నాచు ఆగలేదు. చిన్న ముక్క తెగిపడినను మరియొక మొక్క అగును. పడవ లంగరునకు, వలకు చిక్కిన ముక్క తడిగా, చీకటిగా ఉన్నచోట పది దినముల వరకు బ్రతుకును. 2000 సంవత్సరాంతమునకు ఆరు దేశములలో 131 చదరపు కిలోమీటర్ల సముద్రతలమునకు ఇది సోకినది.

దీని వలన నష్టమేమి? ఈ నాచులో కౌలెర్పెనిన్ అను విషపదార్థము ఉన్నది. అందుచేత సముద్రపు ముళ్లకాయలు మొదలగు శాకాహార ప్రాణులు దీనిని సాధారణముగా ముట్టవు. తినువారు లేని మొక్క తివాచీవలె పరచుకొని, ఇతర నాచులకు వెలుతురు అందనీయదు. మధ్యధరాలో చేపపిల్లలకు ఆశ్రయమైన పొసిడోనియా గడ్డిమైదానములపై, అందులోను బలహీనపడిన వానిపై, ఇది దాడిచేసినది.

2000 జూన్‌లో ఇదే నాచు అమెరికాలోని కాలిఫోర్నియా తీరమున ఒక ఉప్పుటేరులో కనబడినది. మొనాకో కథ తెలిసిన అచ్చటివారు మూడు వారములు తిరుగకముందే పని మొదలుపెట్టినారు. నాచుపై నల్లని ప్లాస్టిక్ గుడ్డలు కప్పి, లోపలికి క్లోరిన్ ఎక్కించినారు. సుమారు 70 లక్షల డాలర్లు ఖర్చైనది. 2006లో నాచు నిర్మూలనమైనదని ప్రకటించినారు.

తరువాతి కాలమున ఫ్రెంచి తీరమున అనేకచోట్ల ఈ నాచు తనంత తానే తగ్గినది. అయినను అట్టి అదృష్టమును నమ్ముకొనుట వివేకము కాదు. మొనాకోలో చేతితో తీరవలసిన పని కాలిఫోర్నియాలో లక్షల డాలర్లకు గాని తీరలేదు. పాఠశాలలో చేపలతొట్టె శుభ్రము చేయు విద్యార్థి అందలి మొక్కలను కాలువలో పారవేయక, ఎండలో పూర్తిగా ఎండబెట్టి పారవేయుట మంచిది.