చీటీ మీద లేని పేర్లు



పాత సామాను బేరం చెయ్యడం మనకెవరూ నేర్పక్కర్లేదు. ఇత్తడి బిందె కొనేముందు తిరగేసి అడుగు చూస్తాం, మాటు వేశారేమోనని వెతుకుతాం, వేలితో కొట్టి చప్పుడు వింటాం. అమెరికాలో పాత జాజ్ గిటారు కొనేవాళ్లూ ఇంచుమించు ఇదే పని చేస్తారు. ఆ బేరం వెనక నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. అందులో ఆడవాళ్ల పాలూ ఉంది. అది చాలాకాలం ఎవరికీ తెలియలేదు.

మామూలు గిటారు పైపలక బల్లపరుపుగా, నడుమ గుండ్రటి కంతతో ఉంటుంది కదా! జాజ్ గిటారు పలకలు వయొలిన్‌కి మల్లే వంపు తిరిగి ఉంటాయి. అందుకే దాన్ని ఆర్చ్‌టాప్ అంటారు. మిషిగన్ రాష్ట్రంలో కాలమజూ అనే ఊళ్లో ఆర్విల్ గిబ్సన్ అనే ఆయన కలపని చెక్కి ఈ వంపు తీశాడు. అలాంటి మేండొలిన్‌కి 1898లో పేటెంటు పొందాడు. 1902లో ఆయన పేరుతోనే అక్కడ కంపెనీ వెలిసింది. లాయిడ్ లోర్ అనే సంగీతజ్ఞుడు అక్కడ పనిచేస్తున్న రోజుల్లో, 1922లో, ఎల్-5 అనే గిటారు వచ్చింది. దానికి గుండ్రటి కంత బదులు వయొలిన్‌కి ఉన్నట్టే ఎఫ్ అక్షరం ఆకారంలో రెండు కంతలు పెట్టారు. బాకాల హోరులో కూడా వినబడే గిటారు అప్పటి జాజ్ మేళాలకి కావలసి వచ్చింది మరి.

ఇంకో తమాషా చూడండి. కొన్ని గిటార్లకి ధరే పేరైంది. 1934లో వచ్చిన సూపర్ 400 ఖరీదు 400 డాలర్లు. అదీ ఆర్థికమాంద్యం రోజుల్లో! 1936లో వచ్చిన విద్యుత్ గిటారు ఇ.ఎస్.-150 ఖరీదు, ఆంప్లిఫయరుతో కలిపి, సుమారు 150 డాలర్లు. 1939లో బెన్నీ గుడ్‌మన్ మేళంలో చేరిన ఛార్లీ క్రిస్టియన్ దాన్ని వాయించి పేరు తెచ్చుకున్నాడు. పాపం, 1942లో పాతికేళ్లకే కన్నుమూశాడు.

తర్వాత రాక్ సంగీతం వచ్చింది, గిటార్లు గట్టి చెక్క దిమ్మలతో తయారయ్యాయి, వంపు గిటార్లకి గిరాకీ తగ్గింది. మళ్లీ కొన్నాళ్లకి పాతవాటిని వెతికి కొనేవాళ్లు బయల్దేరారు. న్యూయార్కులో 1932 నుంచి 1964లో పోయేదాకా జాన్ డి ఏంజెలికో అనే పనివాడు 1,164 గిటార్లు చేసి, వాటికి నంబర్లు వేశాడు. 2011లో న్యూయార్కులోని మెట్రొపాలిటన్ మ్యూజియం ఆయన గిటార్లని ప్రదర్శనకి పెట్టింది.

అంచేత కొనేవాళ్లు ముందు కంతలోంచి లోపలికి చూసి, అంటించిన చీటీ మీద సంతకం, నంబరు చదువుతారు. లోర్ సంతకం ఉంటే ధర ఆకాశాన్నంటుతుంది. మెడ వంగిందా, పలక పగిలిందా, సెల్యులాయిడ్ రేకు పొడిపొడిగా రాలుతోందా అని చూస్తారు. కొత్తగా పాలిష్ పెట్టిస్తే మనకి ముచ్చటగా ఉంటుంది గాని, అక్కడ విలువ పడిపోతుంది! తెలివైన అమ్మకందారు పాలిష్ జోలికి పోడు. ఎప్పుడో మార్చిన పాత మరలుంటే వాటినీ పొట్లం కట్టి ఇస్తాడు, ఎక్కడ మరమ్మతు జరిగిందో తానే చెప్తాడు.

ఇంతా చూసి కొన్నా, ఆ చీటీ చెప్పని సంగతి ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధంలో మగవాళ్లు సైన్యానికి వెళ్తే, కాలమజూ కర్మాగారంలో ఆ ఊరి ఆడవాళ్లు పనిలో చేరారు. 1942 నుంచి 1945 దాకా వేల వాయిద్యాలు వాళ్ల చేతుల మీదుగా వెళ్లాయి. ఎక్కువ బల్లపరుపు గిటార్లు, కొన్ని వంపు గిటార్లూ. అయితే యుద్ధకాలంలో వాయిద్యాల తయారీ ఆపేశామనే కంపెనీ చెప్పుకుంటూ వచ్చింది. ఈ శతాబ్దంలో జాన్ థామస్ అనే న్యాయశాస్త్రాచార్యుడు, కర్మాగారం ముందు నిలబడ్డ ఆడవాళ్ల పాత ఫోటో ఒకటి చూసి ఆరా తీశాడు. అప్పటికి బతికున్న కొందరు వృద్ధురాళ్లని కలిసి వాళ్ల మాటలు పుస్తకంగా వేశాడు. గిటార్లకి ఎక్స్‌రే తీయించి చూస్తే, ఆడవాళ్లు చేసినవాటిలో లోపలి ఆధారపు బద్దలు మరింత నున్నగా, సన్నగా అరగదీసి ఉన్నాయట. ఇవాళ ఆ యుద్ధకాలపు గిటార్లని జనం వెతికి వెతికి కొంటున్నారు.

చూశారా! సంతకం ఉన్న పనికి ధర వెంటనే పలికింది. సంతకం లేని పనికి గుర్తింపు రావడానికి అరవై ఏళ్లు పైనే పట్టింది. అప్పటికి ఆ ఆడవాళ్లలో చాలామంది లేనే లేరు.

మన ఇళ్లల్లో మాత్రం? అమ్మమ్మ కుట్టిన బొంత, అత్తగారు అల్లిన బుట్ట ఏదైనా ఉంటే, ఎవరు చేశారో, ఏ ఏట చేశారో ఒక కాగితం మీద రాసి దాంతో పెట్టండి. అమ్మినా, పంచినా, పిల్లలకిచ్చినా ఆ పేరు వస్తువు వెంట వెళ్తుంది.