మాయానగరంలో మార్కెట్ సర్వే

మాయాప్రపంచం కథ అనగానే మనకి 1999 నాటి 'ది మేట్రిక్స్' గుర్తొస్తుంది. అందులో మనుషులు యంత్రాలకి కరెంటిచ్చే బ్యాటరీలు. ఇంకాస్త వెనక్కి వెళ్తే నాకు ఎదురైంది మాత్రం అడ్వర్టైజింగ్ వ్యాపారం.

ఫ్రెడరిక్ పోల్ 1955 కథ 'ది టన్నెల్ అండర్ ది వరల్డ్'లో ఒక ఊరి జనం రోజూ జూన్ 15నే నిద్ర లేస్తారు. నిజానికి వాళ్లు పేలుడులో ఎప్పుడో చనిపోయారు. ఇప్పుడు బల్ల మీద కట్టిన బుల్లి ఊళ్లో బుల్లి రోబోలు. వాళ్ల మీద ప్రకటనలు పరీక్షిస్తుంటారు. డేనియల్ గలూయ్ 1964 నవల 'సిమ్యులాక్రాన్-3'లో ఒపీనియన్ సర్వేల పని చెయ్యడానికి కంప్యూటర్‌లో ఏకంగా నగరాన్నే సృష్టిస్తారు. దాన్నే 1973లో ఫాస్‌బిండర్ పశ్చిమ జర్మనీ టీవీకి రెండు భాగాలుగా తీశాడు.

ఈ జనాల తలరాత ముందే రాసేస్తే సర్వే దండగ. వాళ్లు తమ ఇష్టంతోనే ఎంచుకోవాలి. అది పరీక్షని తెలిస్తే ఆ ఇష్టం మారిపోతుంది. అందుకే మోసం. ఆ మోసానికి స్వేచ్ఛతో శత్రుత్వమేమీ లేదు, స్వేచ్ఛే దాని ముడిసరుకు.

"ఎవరు చూస్తే ఏం, ఎంచుకున్నది నేనే కదా" అంటాం మనం. వాళ్లకి కావలసిందీ సరిగ్గా అదే.